పాడ్‌కాస్ట్‌లు వినడం ఎలా మొదలుపెట్టాలి: కొత్తవారికి సమగ్ర మార్గదర్శి

పాడ్‌కాస్ట్ అనగానే తెలుగువారిలో చాలామందికి ఇప్పుడు యూట్యూబ్‌లో ఇద్దరు మనుషులు చెరొక పెద్ద మైకు ముందు కూర్చుని గంటన్నర సేపు మాట్లాడుకునే వీడియో గుర్తుకు వస్తుంది. అదీ పాడ్‌కాస్టే, కాదనలేము. అయితే దానిని తెరమీద చూడడానికే అలవాటుపడినవారికి ఈ మాధ్యమంలోని అసలు సౌకర్యం అందడం లేదు. ఫోను జేబులో ఉండగా, చేతులు వేరే పనిలో ఉండగా, నెట్ అందని చోట కూడా, నిన్న ఎక్కడ ఆపామో అక్కడి నుంచే వినగలగడం ఆ సౌకర్యం. దానిని మొదటి నుంచి చివరి దాకా ఎలా అమర్చుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను. మన దగ్గర ఎక్కువమంది వాడేది ఆండ్రాయిడ్ ఫోను కనుక దానినే ఆధారంగా తీసుకున్నాను; ఐఫోనులో తేడా ఉన్నచోట విడిగా చెబుతాను.

ముందుగా తెలుసుకోవలసినది: అది ఫోనుకు ఎలా చేరుతుంది

ఈ భాగాన్ని దాటవేయాలనిపించవచ్చు, కానీ తరువాత వచ్చే ప్రతి నిర్ణయానికీ ఇదే ఆధారం. పాడ్‌కాస్ట్ తయారుచేసేవారు తాము రికార్డు చేసిన భాగాన్ని, అంటే ఎపిసోడ్‌ను, ఒక సర్వర్‌లో పెడతారు. దానితోపాటు ఆ కార్యక్రమానికి ఒక ఫీడు ఉంటుంది. ఏ ఎపిసోడ్ పేరేమిటి, ఏ తేదీన వచ్చింది, దాని ఆడియో ఫైలు ఎక్కడ ఉంది అనే వివరాలన్నీ వరుసగా రాసి ఉన్న చిన్న జాబితాయే ఆ ఫీడు. దాని సాంకేతిక రూపాన్ని ఆర్‌ఎస్‌ఎస్ అంటారు. మన ఫోనులోని యాప్ కొన్ని గంటలకొకసారి ఆ జాబితాను తిరగేసి, కొత్తది కనిపిస్తే మనకు చూపిస్తుంది. ఇంటికి పేపరు వేయించుకున్నట్టు ఒకసారి చెప్పి పెడితే చాలు, కొత్త సంచిక కోసం మనం వెతుక్కోనక్కరలేదు.

ఆర్‌ఎస్‌ఎస్ ఫీడుకు ఆడియో ఫైలును జతచేసే వీలును అమెరికన్ సాఫ్ట్‌వేర్ రూపకర్త డేవ్ వైనర్ 2000 సంవత్సరం చివర్లో కల్పించారు. ఆ ఫైళ్లు వాటంతట అవే ఐపాడ్‌లోకి, అంటే ఆపిల్ వారి జేబు మ్యూజిక్ ప్లేయరులోకి, దిగే ఏర్పాటును 2004లో టీవీ వ్యాఖ్యాతగా పేరుపొందిన ఆడమ్ కరీ ప్రచారంలోకి తెచ్చారు. 2005 జూన్‌లో ఆపిల్ సంస్థ తన పాటల సాఫ్ట్‌వేర్ ఐట్యూన్స్‌లో పాడ్‌కాస్ట్‌ల పట్టికను చేర్చడంతో సామాన్య శ్రోతలకు ఇవి అందుబాటులోకి వచ్చాయి. ఇన్నేళ్లు గడిచినా ఫీడు పద్ధతి మాత్రం ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాలేదు. అందువల్ల ఒకే కార్యక్రమాన్ని ఒకరు ఒక యాప్‌లో, మరొకరు మరొక యాప్‌లో వినవచ్చు. యాప్ మూతపడినా కార్యక్రమం మూతపడదు. 2024లో గూగుల్ పాడ్‌కాస్ట్స్ యాప్‌ను ఆపివేసినప్పుడు దానిలో వింటున్నవారు తమ జాబితాను వేరే యాప్‌కు మార్చుకుని యథాప్రకారం వినగలిగారు.

ఫీడు లేని ఆడియో కూడా ఉంటుంది, అది వేరే జాతి. కుకు ఎఫ్ఎం, పాకెట్ ఎఫ్ఎం వంటి వాటిలోని ధారావాహికలు ఆ యాప్‌లలోనే వినబడతాయి, వాటిలో చాలా భాగానికి డబ్బు కట్టాలి. ప్రసార భారతి వారి న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో ఆకాశవాణి తెలుగు ప్రసారాలు ప్రత్యక్షంగా వస్తాయి. అది ఫోనులో రేడియో, సమయానికి పెట్టుకోకపోతే కార్యక్రమం దాటిపోతుంది. వీటిని వినవద్దని కాదు. ఇక్కడ చెప్పే సెట్టింగులు వాటికి వర్తించవని మాత్రమే నా ఉద్దేశం.

మొదటి మెట్టు: యాప్ ఎంచుకోవడం

ఆండ్రాయిడ్‌లో నేను ఎవరికైనా ముందుగా సూచించేది యాంటెనాపాడ్. 2012 నుంచి స్వచ్ఛంద కార్యకర్తలు నడుపుతున్న యాప్ అది. డబ్బు అక్కరలేదు, యాప్ తరఫున ప్రకటనలు రావు, ఖాతా తెరవమని అడగదు. ప్లే స్టోర్‌లో దొరుకుతుంది. పాకెట్ కాస్ట్స్ కొంచెం నాజూకుగా ఉంటుంది, ఫోనులోనూ కంప్యూటర్‌లోనూ మార్చి మార్చి వినాలనుకునేవారికి అనుకూలం. పేర్లు దగ్గరగా ఉన్నాయి కదా అని దీనికి బదులు పాకెట్ ఎఫ్ఎం వేసుకునేవారు ఉన్నారు, కాబట్టి ఇన్‌స్టాల్ చేసే ముందు పేరు ఒకసారి పూర్తిగా చదవండి. ఐఫోనులో ఆపిల్ పాడ్‌కాస్ట్స్ అనే యాప్ ముందే ఉంటుంది, దానితోనే మొదలుపెట్టవచ్చు. కొంతకాలం తరువాత మరిన్ని సదుపాయాలు కావాలనిపిస్తే ఓవర్‌కాస్ట్ చూడండి.

పాటల కోసం ఇప్పటికే స్పాటిఫై వాడుతున్నవారు అందులోనే వినవచ్చు. డబ్బు కట్టని ఖాతాలో పాటలు డౌన్‌లోడ్ కావు గానీ పాడ్‌కాస్ట్‌లు అవుతాయి, ఈ సంగతి చాలామంది గమనించరు. దాని లోపమల్లా మనకు తెలిసిన ఫీడు చిరునామాను చేర్చుకునే వీలు లేకపోవడం. యూట్యూబ్ సాధారణ యాప్‌లో ప్రీమియం, అంటే డబ్బు కట్టే చందా, లేకపోతే తెర ఆరగానే మాట ఆగిపోతుంది. వీడియో కావడం వల్ల డేటా కూడా అనేక రెట్లు ఖర్చవుతుంది. యూట్యూబ్‌లోనే దొరికే కార్యక్రమం వినాలనుకుంటే యూట్యూబ్ మ్యూజిక్ యాప్‌లో పాడ్‌కాస్ట్‌గా ఉందేమో వెతకండి, అక్కడ పాడ్‌కాస్ట్‌లు తెర ఆరినా నడుస్తాయి.

ఏదో ఒకటి ఎంచుకుని కనీసం నెల రోజులు దానితోనే ఉండడం మంచిది. మూడు యాప్‌లు పక్కపక్కన పెట్టుకుంటే ఏ ఎపిసోడ్ ఎందులో ఎంతవరకు విన్నామో మనకే తెలియకుండా పోతుంది.

రెండవ మెట్టు: కార్యక్రమాన్ని వెతికి చేర్చుకోవడం

యాంటెనాపాడ్ తెరిచి సబ్‌స్క్రిప్షన్స్ పేజీకి వెళితే ప్లస్ గుర్తు కనిపిస్తుంది. దానిని నొక్కగానే వెతకడానికి ఒక పెట్టె, దాని కింద కొన్ని దారులు వస్తాయి. అక్కడ తెలుగు కార్యక్రమాల విషయంలో ఒక చిక్కు ఉంది. తయారుచేసేవారిలో కొందరు పేరును తెలుగు లిపిలో పెడతారు, కొందరు ఇంగ్లీషు అక్షరాలలో పెడతారు, అందులోనూ దీర్ఘాలను ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా రాస్తారు. అందుచేత ఒకసారి తెలుగులో, ఒకసారి ఇంగ్లీషు అక్షరాలలో, అవసరమైతే ఒక అక్షరం అటూ ఇటూ మార్చి వెతకండి. అప్పటికీ దొరకకపోతే ఆ కార్యక్రమం వెబ్‌సైటులో ఆర్‌ఎస్‌ఎస్ అని రాసి ఉన్న లింకును కాపీ చేసి, యాప్‌లో ఆర్‌ఎస్‌ఎస్ చిరునామాతో చేర్చే చోట అతికిస్తే వచ్చేస్తుంది.

ఏమి వెతకాలి అన్నది అభిరుచిని బట్టి ఉంటుంది గనుక కొన్ని ఉదాహరణలు మాత్రమే ఇస్తాను. తెలుగు సాహిత్యం ఇష్టమైతే హర్షణీయం వినండి. కథలను చదివి వినిపించడంతోపాటు రచయితలతోనూ అనువాదకులతోనూ జరిపిన సంభాషణలు అందులో ఉంటాయి. హైదరాబాదు కేంద్రంగా 2018లో మొదలైన సునో ఇండియా సంస్థ సామాజిక విషయాల మీద వివిధ భాషల్లో కార్యక్రమాలు చేస్తోంది. పిల్లల కోసం వారు తెలుగులో చేసిన ఈశ్వరి కథలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పెరుగుతూ తెలుగు అర్థమై కూడా మాట్లాడడానికి తడబడే పిల్లలకు బాగా పనికివస్తాయి. ఇంగ్లీషు మెరుగుపరచుకోవాలనుకునేవారికి బీబీసీ వారి సిక్స్ మినిట్ ఇంగ్లీష్ ఉంది, పేరుకు తగినట్టు దాదాపు 6 నిమిషాలే. అదే బీబీసీలో 1998లో రేడియో కార్యక్రమంగా మొదలైన ఇన్ అవర్ టైమ్‌లో విశ్వవిద్యాలయ ఆచార్యులు చరిత్ర, తత్త్వం, విజ్ఞానశాస్త్రం వంటి విషయాలను ఒక్కొక్కటిగా చర్చిస్తారు. ఇక తీరిక బాగా ఉన్నవారికి అమిత్ వర్మ నడిపే ది సీన్ అండ్ ది అన్‌సీన్. అందులో ఒక్కొక్క సంభాషణ కొన్ని గంటల పాటు సాగుతుంది, కొత్తవారు దానితో మొదలుపెట్టి బెదిరిపోకుండా ఉంటే మేలు.

కార్యక్రమం పేజీలో కనిపించే సబ్‌స్క్రైబ్ బటన్‌ను చూసి డబ్బు కట్టాలేమో అని కొందరు వెనక్కి తగ్గుతారు. యాంటెనాపాడ్‌లో సబ్‌స్క్రైబ్ అంటే జాబితాలో చేర్చుకోవడమే, పైసా ఖర్చు లేదు. ఆపిల్ వారు మాత్రం 2021లో ఆ ఉచితమైన బటన్‌కు ఫాలో అని పేరు మార్చి, సబ్‌స్క్రైబ్ అన్నదానిని డబ్బు కట్టే వాటికి కేటాయించారు. కాబట్టి ఐఫోనులో నొక్కవలసింది ఫాలో.

మొదట మూడు కార్యక్రమాలకు మించి చేర్చుకోవద్దు. ఉత్సాహంలో ఇరవై చేర్చుకున్నవారికి వారం తిరిగేసరికి వినని ఎపిసోడ్‌లు కుప్పపడి, యాప్ తెరవాలంటేనే విసుగు పుడుతుంది.

మూడవ మెట్టు: డౌన్‌లోడ్, డేటా, బ్యాటరీ సెట్టింగులు

మాటల ఆడియోకు పెద్దగా డేటా అక్కరలేదు. సెకనుకు 64 కిలోబిట్ల నాణ్యతతో ఉన్న ఫైలు గంటకు సుమారు 29 ఎంబీ, 128 కిలోబిట్లదైతే 58 ఎంబీ వరకు తీసుకుంటుంది. అయినా రాత్రి ఇంట్లో వైఫై మీద రెండు మూడు ఎపిసోడ్‌లు డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవడమే ఉత్తమం, ఎందుకంటే సిగ్నల్ వచ్చి పోతూ ఉండే రైలు ప్రయాణంలో స్ట్రీమింగ్ నమ్ముకుంటే సరిగ్గా ఆసక్తికరమైన చోట మాట ఆగిపోతుంది. సెట్టింగులలో మూడు విషయాలు చూసుకోండి. డౌన్‌లోడ్‌లు వైఫై మీదే జరగాలి. విన్న ఎపిసోడ్ దానంతట అది చెరిగిపోవాలి. తనంతట తాను డౌన్‌లోడ్ చేసే సదుపాయం అన్ని కార్యక్రమాలకూ కాకుండా, రోజూ తప్పనిసరిగా వినే ఒకటి రెండింటికే పరిమితం కావాలి. లేకపోతే ఫోనులో చోటు నిండిపోయిందన్న హెచ్చరిక త్వరలోనే వస్తుంది.

కొత్తవారిని అన్నిటికంటే ఎక్కువగా ఇబ్బందిపెట్టేది వేరొకటి ఉంది. ఫోను జేబులో పెట్టుకుని నడక మొదలుపెట్టిన కాసేపటికి మాట దానంతట అదే ఆగిపోతుంది. తప్పు యాప్‌ది అనుకుని దానిని తీసేస్తారు. నిజానికి కొన్ని ఫోన్లు బ్యాటరీ ఆదా చేసే పేరుతో, తెర మీద లేని యాప్‌లను ఆపివేస్తూ ఉంటాయి. ఫోను సెట్టింగులలో యాప్స్ అనే భాగానికి వెళ్లి, మీ పాడ్‌కాస్ట్ యాప్‌ను తెరిచి, బ్యాటరీ అన్న చోట పరిమితి లేకుండా నడవనిచ్చే ఎంపికను పెడితే ఈ బాధ చాలావరకు తీరిపోతుంది.

నాలుగవ మెట్టు: ఏ ఎపిసోడ్‌తో మొదలుపెట్టాలి

యాప్‌లో సాధారణంగా కొత్త ఎపిసోడ్ పైన, పాతవి కింద ఉంటాయి. వార్తలకు, వర్తమాన విషయాలకు అది సరిపోతుంది. ఒకే కథను భాగాలుగా చెప్పే కార్యక్రమాలకు మాత్రం ఆ వరుస పనికిరాదు. 2014లో అమెరికాలో వచ్చి పాడ్‌కాస్ట్‌లకు విపరీతమైన ఆదరణ తెచ్చిన సీరియల్ కార్యక్రమం మొదటి సీజన్ ఒక హత్యకేసు గురించి 12 ఎపిసోడ్‌లలో సాగుతుంది. దానిని పైనుంచి కిందికి వింటే ఏమీ అర్థం కాదు. అటువంటి వాటికి వరుసను తిరగవేసి, మొదటి భాగం నుంచి వినాలి. సంభాషణల కార్యక్రమాలలో వరుసతో నిమిత్తం లేదు. మీకు ముందే కొంత తెలిసిన విషయం మీద జరిగిన సంభాషణను ఎంచుకోండి, అప్పుడు నిర్వాహకుడు ప్రశ్నలు ఎంత బాగా వేస్తున్నాడో, అవతలివారిని మాట్లాడనిస్తున్నాడో లేదో వెంటనే తెలిసిపోతుంది.

మొదటి ఐదు నిమిషాలను బట్టి కార్యక్రమాన్ని కొట్టివేయకండి. సంగీతం, పరిచయం, ప్రకటన, అతిథి గురించిన పొగడ్తలు చాలాచోట్ల అక్కడే ఉంటాయి. రెండు ఎపిసోడ్‌లు విన్నాక కూడా మనసు నిలవకపోతే నిస్సంకోచంగా తీసేయవచ్చు.

ఐదవ మెట్టు: వేగం, దాటవేత, నిద్ర టైమర్

వేగం పెంచుకునే బటన్ ప్రతి యాప్‌లోనూ ఉంటుంది. 1.25 వేగంతో గంట ఎపిసోడ్ 48 నిమిషాలలో, 1.5తో 40 నిమిషాలలో పూర్తవుతుంది. నింపాదిగా సాగే సంభాషణలకు 1.25 బాగానే ఉంటుంది, అంతకంటే పెంచితే తెలుగులో ద్విత్వాలు, సంయుక్తాక్షరాలు నలిగిపోయి వినబడతాయి. కథలకు వేగం పెంచడం నాకు అసలు నచ్చదు. మౌనాలను కత్తిరించే సదుపాయం కూడా అంతే. చర్చలకు పరవాలేదు గానీ, కథ చెప్పేవారు కావాలని ఇచ్చిన విరామాన్ని అది మింగేస్తుంది. పరాయి భాష నేర్చుకునేవారు 0.8కి తగ్గించుకుంటే ప్రయోజనం ఉంటుంది. యాంటెనాపాడ్‌లో కార్యక్రమానికొక వేగం విడిగా పెట్టుకోవచ్చు, ప్రతి ఎపిసోడ్ మొదట్లో వచ్చే సంగీతాన్ని ఇన్ని సెకన్లు దాటవేయమనీ చెప్పవచ్చు.

పడుకునే ముందు వినేవారు స్లీప్ టైమర్‌ను 20 నిమిషాలకో అరగంటకో పెట్టుకోవాలి. లేకపోతే తెల్లవారేసరికి యాప్ నాలుగు ఎపిసోడ్‌లు దాటిపోయి, మీరు ఎక్కడ నిద్రపోయారో వెతుక్కోవలసి వస్తుంది.

ఆరవ మెట్టు: రోజులో దానికి చోటు చూడడం

ప్రత్యేకంగా కూర్చుని వినాలనుకుంటే ఎన్నాళ్లు గడిచినా కుదరదు. చేతులకు పని ఉండి బుద్ధికి పెద్దగా పని లేని సమయాలను పట్టుకోవాలి: కూరగాయలు తరగడం, బట్టలు మడతపెట్టడం, ఉదయం నడక, మెట్రో ప్రయాణం. ఆఫీసు మెయిళ్లు రాస్తూ వినడం మాత్రం సాధ్యం కాదు. మాటలు రాసే బుద్ధే మాటలు వినాలి కనుక ఏదో ఒకటి దెబ్బతింటుంది. ఫలానా పనికి ఫలానా కార్యక్రమం అని జతచేసుకుంటే అలవాటు త్వరగా కుదురుతుంది.

ద్విచక్ర వాహనం నడిపేటప్పుడు ఇయర్‌ఫోన్లు వద్దు. వంటింట్లో మిక్సీ తిరుగుతున్నప్పుడు, బస్సులో హారన్లు మోగుతున్నప్పుడు మనకు తెలియకుండానే ధ్వని పెంచేస్తాం, ఆ తరువాత తగ్గించడం మరిచిపోతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు 80 డెసిబెళ్ల స్థాయిలో వారానికి 40 గంటలు, పిల్లలకు 75 డెసిబెళ్ల స్థాయిలో 40 గంటలు మించవద్దని చెబుతోంది. మనకు డెసిబెళ్లు కొలవడం కుదరకపోయినా, పక్కనున్నవారు మామూలు గొంతుతో పిలిస్తే వినబడేంత ధ్వనితో సరిపెట్టుకుంటే చాలు.

విన్నదానిని ఎంతవరకు నమ్మాలి

పాడ్‌కాస్ట్ ఎవరైనా మొదలుపెట్టవచ్చు, ముందుగా వినిపించి అనుమతి తీసుకోవలసిన సంపాదకుడు ఉండనవసరం లేదు. ఈ స్వేచ్ఛ వల్లనే పత్రికల్లో చోటు దొరకని విషయాల మీద మంచి కార్యక్రమాలు వచ్చాయి, మందులూ మదుపులూ గురించి బాధ్యత లేని మాటలూ వచ్చాయి. పైగా చెవిలో గంటల తరబడి వినబడే గొంతు మీద మనకు చనువు ఏర్పడుతుంది. ఆ చనువుతోనే నిర్వాహకుడు తన సొంత గొంతుతో ప్రకటన చదివినప్పుడు అది సలహాలా తోస్తుంది. ఆరోగ్యం గురించి గానీ డబ్బు గురించి గానీ విన్నది ఆచరించే ముందు, ఆ ఎపిసోడ్ కింద ఇచ్చిన వివరాలలో ఆధారాలు ఏమైనా చూపించారేమో చదవండి. ఏమీ లేకపోతే దానిని కాలక్షేపంగానే పరిగణించండి.

ఇంట్లో పెద్దల కోసం

పెద్దలకు ఫోను అమర్చి ఇచ్చేటప్పుడు తరచు మరిచిపోయే సదుపాయం ఒకటి యాంటెనాపాడ్‌లో ఉంది. మెమరీ కార్డులోనో ఫోనులోనో ఏళ్ల తరబడి దాచుకున్న ప్రవచనాల ఎంపీ3 ఫైళ్లు ఉంటాయి కదా. ప్లస్ గుర్తు నొక్కాక వచ్చే దారులలో లోకల్ ఫోల్డర్ అనే దానిని ఎంచుకుని ఆ ఫోల్డరును చూపిస్తే, ఆ ఫైళ్లన్నీ ఒక పాడ్‌కాస్ట్‌లాగే జాబితాలోకి వస్తాయి. చాలా మ్యూజిక్ ప్లేయర్లలో గంటంపావు ప్రవచనాన్ని మధ్యలో వదిలి వేరేది పెడితే మళ్లీ మొదటి నుంచి వినవలసి రావచ్చు. ఇక్కడ ఆగిన చోటే మొదలవుతుంది. అమ్మమ్మ గారికో తాతగారికో చూపించేటప్పుడు ఒక్క ప్లే బటన్, వెనక్కి జరిపే బటన్ చాలు. మిగిలిన ఎపిసోడ్‌లను వారానికొకసారి మీరే వరుసలో, అంటే క్యూలో, పేర్చి పెట్టండి. ఇయర్‌ఫోన్లకంటే చిన్న బ్లూటూత్ స్పీకరు వారికి సుఖంగా ఉంటుంది.

జాబితాను భద్రపరచడం

కొన్ని నెలలు గడిచాక జాబితాను ఒకసారి తిరగేసి, రెండు నెలలుగా తెరవని కార్యక్రమాలను తీసేయండి. మళ్లీ కావాలంటే చేర్చుకోవడానికి అరనిమిషం పట్టదు. ఆ తరువాత సెట్టింగులలో ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్ అనే భాగంలో ఓపీఎంఎల్ ఎక్స్‌పోర్ట్ నొక్కితే ఒక చిన్న ఫైలు తయారవుతుంది. మీరు చేర్చుకున్న కార్యక్రమాల ఫీడు చిరునామాలన్నీ అందులో ఉంటాయి. దానిని మీ మెయిలుకే పంపుకుని దాచుకోండి. ఫోను మారినా, యాప్ మారినా, ఆ ఫైలును కొత్తచోట ఇంపోర్ట్ చేస్తే జాబితా అంతా వచ్చేస్తుంది. ఏ ఎపిసోడ్ ఎంతవరకు విన్నారన్నది మాత్రం ఆ ఫైలులో ఉండదు. అది కూడా కావాలంటే యాంటెనాపాడ్‌లో అదే భాగంలో ఉన్న డేటాబేస్ ఎక్స్‌పోర్ట్‌ను వాడాలి. ఆ ఫైలు మళ్లీ యాంటెనాపాడ్‌లోనే తెరుచుకుంటుంది, వేరే యాప్‌కు పనికిరాదు.